వెర్నా వంతు

విడాకులప్పుడు రాడ్నీ, టాన్యా ఇంట్లో ఉన్నవన్నీ పంచుకున్నారు. మంచం ఆవిడకి, పరుపు ఇతనికి అన్నంత పట్టుదలగా పంచుకున్నారు. పడవ అమ్మేశారు. కుక్క ఎవరికీ అక్కర్లేక రాడ్నీ దగ్గరే ఉండిపోయింది. కూతురు షెల్బీ తల్లితో లెక్సింగ్టన్ వెళ్ళిపోయింది. పంచుకోకుండా మిగిలింది ఫోను ప్లాను ఒక్కటే.

ఆ ప్లాను గొప్పతనం కాస్త చెప్పాలి. ఇంటర్నెట్ ఎంత వాడుకున్నా అదే బిల్లు. కంపెనీవాళ్ళు మొదట్లో ఏదో ఉత్సాహంలో ఇచ్చేసి, జనం నిజంగానే వాడుకోవడం చూసి గుండెలు బాదుకుని ఆపేశారు. పాతవాళ్ళ దగ్గర్నుంచి లాక్కోలేదు గానీ, పిల్లి ఎలుక కోసం కాచుకున్నట్టు కాచుకుని కూర్చున్నారు. ఆ ప్లాను ఉన్న నంబరు మీద తగ్గింపు ధరకి కొత్త ఫోను తీసుకున్నారా, ప్లాను పోయినట్టే. ఒకసారి పోయాక కాళ్ళమీద పడ్డా తిరిగి ఇవ్వరు.

దీనికి కెంటకీ కొండల్లో జనం విరుగుడు కనిపెట్టకపోలేదు. ఒకే ఖాతాలో ఇంకో నంబరు ఉంటే, కొత్త ఫోను తీసుకునే వంతు దానికీ రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ వంతు మీద ఫోను తీసుకోవడం, దుకాణం బయటికొచ్చి బండిలో కూర్చుని తన సిమ్ అందులో వేసేసుకోవడం. అంతే. వంతులేమో మడత ఫోన్లు పట్టుకు తిరిగే అవ్వలకీ తాతలకీ వచ్చేవి, ఫోన్లేమో కొడుకుల చేతికీ అల్లుళ్ళ చేతికీ వచ్చేవి. ఇందులో తప్పేముందని అక్కడ ఎవరూ అనుకోరు. ముసలాళ్ళకి అంత ఫోనెందుకు అనేది వాళ్ళ వాదన. ముసలాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

రాడ్నీ ఖాతా అతని మాజీ అత్తగారి పేర ఉంది. ఆవిడ పేరు వెర్నా. పెళ్ళయిన కొత్తలో అందరూ ఒకే ఖాతాలో చేరారు. విడిపోయాక టాన్యా తన నంబరు తీసుకుని వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. రాడ్నీ కదల్లేదు. అతనుండే లారెల్ ఫోర్క్ లోయలోకి కేబుల్ తీగ రాలేదు, వచ్చే ఆశా లేదు. గ్యాసు సిలిండర్ల బండి తోలి సాయంత్రం ఇంటికొచ్చాక అతనికి లోకమంటే ఆ ఫోనే. బిల్లు తనే కడుతున్నాడు, అందులో పేచీ లేదు. పెట్రోలు బంకు దగ్గర మిత్రులు, "ఇంకా ఆ ఖాతాలోనే ఉన్నావా? ముసలావిడ ఊరుకుందా?" అంటే నవ్వేవాడు. "ఆవిడకి నేనున్నానన్న సంగతి గుర్తుంటే కదా. కూతుర్ని వదిలేశాను గానీ కూతురి తల్లిని వదల్లేదని చెప్పండి ఎవరడిగినా." ఈ జోకు అతనికి చాలా ఇష్టం. చాలాసార్లే వేశాడు.

ఆ శీతాకాలం అతని ఫోను చావుకొచ్చింది. తెర పగిలి, షెల్బీ మొహం ముక్కలు ముక్కలుగా కనబడేది. రోజూ సాయంత్రం అన్నాలయ్యాక పిల్ల వీడియోలో మాట్లాడుతుంది. బళ్ళో ఏం జరిగిందో, ఎవరు ఎవర్ని ఏడిపించారో చెబుతుంది. రాడ్నీ బతుకులో ఒంటరితనం లేని సమయం అదొక్కటే. ఇప్పుడు పిల్ల మాట మధ్యలో ఉండగానే ఫోను ఆరిపోతోంది. పూర్తి ధర పెట్టి కొత్తది కొనే స్తోమత లేదు. తన వంతు వాడుకుంటే ప్లాను పోతుంది. మిగిలింది వెర్నా వంతు. ఇదివరకు ఈ పని టాన్యా చేసిపెట్టేది, తల్లి తరఫున సంతకం తనే పెట్టేది. ఇప్పుడు ఖాతా ఎవరి పేర ఉందో ఆ మనిషే గుర్తింపు కార్డు పట్టుకుని రావాలట.

వెర్నా ఇల్లు లోయ మొదట్లోనే, బండిలో వెళితే పాట ఒకటి పూర్తయ్యేలోపు వస్తుంది. అయినా వెళ్ళలేదు. ఫోను చేశాడు.

"మిస్ వెర్నా, నేను రాడ్నీని." పెళ్ళయినన్నాళ్ళూ అమ్మా అని పిలిచేవాడు. ఇప్పుడేమని పిలవాలో తెలియక, ఊళ్ళో అందరూ పెద్దావిడల్ని పిలిచినట్టే పిలుస్తున్నాడు.

"రాడ్నీవా. ఏంటి అబ్బాయ్, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదండీ. మీ నంబరుకి కొత్త ఫోను వంతు వచ్చింది. శనివారం టౌనుకి వెళదామా? మీరు రావాలంటున్నారు. నేనొచ్చి ఎక్కించుకుంటాను."

"కొత్త ఫోనా?" అంది వెర్నా.

"అవునండీ."

"సరే అయితే. వస్తాను."

చూశారా, అబద్ధం ఒక్కటీ లేదు. ఫోను ఎవరికో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. అంతవరకు చాలనుకున్నాడు రాడ్నీ.

శనివారం పొద్దున్న బండి ఆపి హారను కొట్టబోయి ఆగిపోయాడు. వెర్నా అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుంది. చెవులకు కమ్మలు. పెదాలకు రంగు. టౌనులో ఫోను దుకాణానికి కాదు, ఎవరిదో పెళ్ళికి వెళుతున్నట్టుంది. రాడ్నీకి అప్పుడే అర్థమయింది. ఆవిడ తన ఫోను కోసం బయల్దేరింది.

చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. బండి తలుపు తెరుస్తూ, మెట్టు ఎత్తుగా ఉందని ఆవిడ చెయ్యి పట్టుకుంటూ, చెబుదామనే అనుకున్నాడు. ఈలోగా ఆవిడ సీట్లో సర్దుకుని, "తెల్లవి కూడా ఉంటాయా అందులో?" అంది.

"ఉంటాయండీ."

"పక్కింటి బెటీ మనవరాలి దగ్గర తెల్లది చూశాను. భలే ఉంది. నాకు నేర్చుకోవడం వస్తుందంటావా? నవ్వకు. మైక్రోవేవు నేర్చుకున్నదాన్ని, ఇది నేర్చుకోలేనా?"

"వస్తుందండీ," అన్నాడు.

దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. తన మడత ఫోను తీసి చూపించింది. మడత దగ్గర విరిగితే గాయానికి వేసే పట్టీ అంటించింది. "ఇది పలికితే పలుకుతుంది, లేకపోతే లేదు. మా ఆయన లాగే. ఆయన్నీ చివర్లో ఇట్లాగే పట్టీలేసి నడిపించాను." రాడ్నీ నవ్వాల్సిన చోట నవ్వాడు. చలిలో కూడా చొక్కా వీపుకి అంటుకుపోయింది. కిందటి వంతూ, అంతకు ముందుదీ ఎవరు మింగారో అతనికి తెలుసు. ఆ పట్టీ వేసుకున్న ఫోను వయసు అందుకే అంత ఉంది.

దుకాణంలో మిస్టీ అనే అమ్మాయి ఉంది. ఈ వ్యవహారం రోజూ చూసే పిల్ల. పెద్దావిణ్ణీ, వెనక నిలబడ్డ మగమనిషినీ ఒక్క చూపు చూసి విషయం పట్టేసింది. అయినా పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి అడిగింది.

"ఫోను ఎవరికండీ?"

"నాకే," అంది వెర్నా. వంతుని వాడుకోవాలంటే చెప్పాల్సిన జవాబు సరిగ్గా అదే. ఎవరూ నేర్పకుండానే చెప్పింది, ఎందుకంటే అది నిజమనుకుంది. మిస్టీ రాడ్నీ వైపు చూసింది. రాడ్నీ గోడమీద బొమ్మ చూస్తున్నాడు.

వెర్నా తెల్లదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అద్దంలో చూసుకున్నట్టు చూసుకుంది. "ఇది బావుంది," అంది.

ఆ క్షణంలో రాడ్నీ నోట వచ్చిన మాట తలుచుకుంటే తరవాత అతనికే ఒళ్ళు మండింది. "నల్లది మేలండీ. మరకలు కనబడవు," అన్నాడు.

"అంతేనంటావా?" వెర్నా తెల్లదాన్ని జాగ్రత్తగా దాని స్థానంలో పెట్టేసింది. "నీకే తెలుసు. నల్లదే ఇవ్వమ్మా."

డబ్బు రాడ్నీ కట్టాడు. అది చూసి వెర్నా మిస్టీ వైపు వంగి, చిన్నగా చెప్పాననుకుని, దుకాణమంతా వినబడేలా చెప్పింది. "ఇతను నా అల్లుడు కూడా కాదమ్మా ఇప్పుడు. మా పిల్లకీ ఇతనికీ పడలేదు. అయినా చూడు, నా కోసం డబ్బు పెడుతున్నాడు. కన్నపిల్లలు చేస్తారా ఇట్లా?"

రాడ్నీకి తల కొట్టేసినట్టయింది. వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు అతని వైపు మెచ్చుకోలుగా చూశారు. మిస్టీ మెచ్చుకోలేదు. రసీదు అతని చేతిలో పెట్టి, "బయట పని బయట చూసుకోండి, సార్," అంది. అందులో సార్ అన్న మాట చురుక్కుమంది.

బయటికొచ్చాక వెర్నా, "నా మందులు తీసుకొచ్చుకుంటాను, పక్క కొట్లోనే. ఈలోగా నువ్వు దీన్ని తయారు చేసి ఉంచు," అని డబ్బానీ, తన మడత ఫోనునీ అతని చేతిలో పెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "షెల్బీ కనబడేట్టు పెట్టు. ముందు అదే కావాలి నాకు," అంది.

బండిలో ఒక్కడే కూర్చున్నాడు రాడ్నీ. ఇక్కడ మనిషన్నవాడు చెయ్యాల్సిన పని ఏమిటో అతనికి తెలియక కాదు. కాని ఆ ఫోను లేకపోతే సాయంత్రం పిల్ల మొహం లేదు. కుక్కా తనూ మిగులుతారు. జరగబోయేది ముందు చెప్పడం కంటే జరిగిపోయిందని చెప్పడం తేలికనుకున్నాడు. పిరికివాళ్ళందరూ అనుకునేది అదే. సిమ్ తీయడానికి జేబులోంచి గుండుసూది తీశాడు. దాన్ని ఇంటి దగ్గరే జేబులో పెట్టుకున్నాడు మరి. తన సిమ్ కొత్త ఫోనులో వేశాడు. దాన్నుంచే కంపెనీకి ఫోను చేసి, వెర్నా నంబరు మళ్ళీ ఆ మడత ఫోనుకే తగిలించమన్నాడు. ఆవిడకి ఇంటర్నెట్ అక్కర్లేదు కదా, అంది అవతలి గొంతు. అక్కర్లేదన్నాడు.

వెర్నా తలుపు తెరిచి ఎక్కింది. మందుల సంచీలోంచి ఇంకో చిన్న సంచీ తీసింది. "ఇది చూడు. మందుల కొట్లో కూడా అమ్ముతున్నారు." ఫోనుకి వేసే తొడుగు అది. మంచు కొమ్మ మీద ఎర్ర కార్డినల్ పిట్టలు రెండు.

రాడ్నీ మడత ఫోను ఆవిడ చేతికిచ్చాడు. "మిస్ వెర్నా, ఇది పనిచేస్తుందండీ. నంబరు దీంట్లోనే ఉంది." నల్ల ఫోను అప్పటికే అతని తొడ పక్కన వెలుగుతోంది, అతని కుక్క బొమ్మతో.

వెర్నా ఆ కుక్కని చూసింది. చేతిలో ఉన్న పట్టీ ఫోను చూసుకుంది. తిట్టి ఉంటే రాడ్నీ ఊపిరి పీల్చుకునేవాడు. అల్లుణ్ణి తిట్టడం ఆవిడకి చేతకాని పనేమీ కాదు. కాని ఆవిడ మొహం ఎర్రబడింది. సిగ్గు పడాల్సింది తనైతే, పడింది ఆవిడ. ఆడమనిషి ఒకతె పెళ్ళికి పిలిచారనుకుని నగలు పెట్టుకుని వెళ్ళి, పిలవలేదని గుమ్మంలో తెలుసుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆవిడ మొహం.

"ఓహో," అంది. "ఆ పద్ధతా. టాన్యా కూడా చేసేది కదా ఇట్లా, మర్చిపోయాను. వయసు మీద పడింది." కమ్మ ఒకటి సర్దుకుంది. "అయినా నాకెందుకులే. పాలపొంగు చూసుకోవడానికే కళ్ళు చాలట్లేదు. ఏదీ, ఇటివ్వు." ఫోను తీసుకుని కార్డినల్ పిట్టల తొడుగు దానికి తొడిగింది. అతికినట్టు సరిపోయింది. "నీకే బావుంటుంది," అని ఇచ్చేసింది.

"వద్దండీ," అన్నాడు రాడ్నీ.

"కొన్నాను కదా. తిరిగి తీసుకోరు."

వచ్చేటప్పుడు అంత మాట్లాడిన మనిషి ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, చర్చి కోటు గుండీలు ఒకటొకటే విప్పుకుంటోంది. ఇంటికి వేసుకెళ్ళే కోటు కాదది, ఎక్కడికో వెళ్ళడానికి వేసుకున్నది. రాడ్నీ తేలు కుట్టిన దొంగలా బండి తోలుతున్నాడు. చెప్పడానికి మాటలు వెతికాడు. దొరికిన ప్రతి మాటా సంజాయిషీలాగే ఉంది.

లోయ మలుపు దగ్గరికి రాగానే ఫోను మోగింది. షెల్బీ. శనివారాలు మధ్యాహ్నమే చేస్తుంది. రాడ్నీ చేతులు రెండూ స్టీరింగు మీద ఉన్నాయి, మలుపులో మంచుంది.

"పిల్లా?" అంది వెర్నా. ఎప్పుడు తీసిందో ఫోను చేతిలోకి తీసేసుకుంది. "దీన్నెక్కడ నొక్కాలి?"

"ఆ పచ్చదండీ."

తెర మీద షెల్బీ మొహం వచ్చింది, పగుళ్ళు లేకుండా, నిండుగా. పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి, తరవాత పెద్దగా నవ్వింది. "అమ్మమ్మా. నువ్వా? నాన్న ఫోన్లో నువ్వున్నావేంటి?"

వెర్నా ఫోనుని మరీ ముక్కుకి ఆనించి పట్టుకుంది. "షెల్బీ, నీ పళ్ళేంటే అంత వరసగా ఉన్నాయి?"

"పళ్ళకి పెట్టిన తీగలు తీసేశారుగా మొన్న."

"తీగలు పెట్టించారా నీకు? ఎప్పుడు?"

"ఎప్పుడో. చాలా రోజులైంది అమ్మమ్మా. నీకు తెలీదా?"

రాడ్నీ ఆ తీగలు పెట్టిన రోజు చూశాడు. అవి గుచ్చుకుని పిల్ల ఏడ్చిన సాయంత్రం చూశాడు. తీసేసిన రోజు పిల్ల ఆపిల్ పండు కొరికి చూపిస్తే చూశాడు. అన్నీ వెర్నా వంతు మీద వచ్చిన ఫోనులోనే చూశాడు. పాట ఒకటి పూర్తయ్యేంత దూరంలో ఆవిడ ఉంది. దాన్ని జేబులో వేసుకుని ఒక్క సాయంత్రం ఆ ఇంటి మెట్లెక్కాలని అతనికి తోచలేదు.

అంతలో షెల్బీ గొంతు తగ్గించింది. "అమ్మమ్మా, నేను నీతో మాట్లాడానని అమ్మకి చెప్పకేం. నాన్న నంబరు నువ్వు నీ ఖాతాలోంచి తీసేసేదాకా మేం మీ ఇంటికి రాకూడదంది. తీసేశావా?"

"నీకెందుకే ఆ గొడవలు? నోరు తెరువు, వెనక పళ్ళు చూస్తాను."

రాడ్నీ బండిని పక్కన చర్చి ముందున్న కంకర మీదికి తీసి ఆపేశాడు. అక్కణ్ణుంచి లోపలికి వెళితే కొండ అడ్డొచ్చి కాసేపు సిగ్నలుండదు. అతను తలుపు తీసుకుని కిందికి దిగాడు. ఆ బండిలో కూర్చునే మొహం లేదు అతనికి. చలిగాలిలో టోపీ కూడా లేకుండా నిలబడ్డాడు. లోపల వెర్నా నవ్వు వినిపిస్తోంది. ఎన్నాళ్ళ నుంచి దాచుకున్న కబుర్లో, ఆగకుండా చెబుతోంది.

ముసలావిడకి గుర్తు లేదని కదా అతను పెట్రోలు బంకు దగ్గర నవ్వింది. ఆవిడకి గుర్తుంది. కూతురు తలుపు దగ్గర నిలబడి, వాడా నేనా తేల్చుకో అన్నప్పుడు గుర్తుంది. ఒక్క సంతకంతో అయిపోయే పని. అది పెట్టనందుకు కూతురూ రాలేదు, మనవరాలూ రాలేదు. తన జోకు అతనికి ఇప్పుడు మాట మాటా గుర్తొచ్చి, ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. నవ్విన వాళ్ళలో ఎంతమందికి అసలు సంగతి తెలుసో.

నవ్వులు ఆగాక బండెక్కాడు. వెర్నా ఫోను తుడిచి, పిట్టల తొడుగు పైకి వచ్చేట్టు ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఇది మీరుంచుకోండి," అన్నాడు.

"నేనేం చేసుకోను? ఆ ప్లాను నీ నంబరుకి కదా ఉంది, నాకు లేదు కదా."

"నాకెందుకు చెప్పలేదండీ? టాన్యా అట్లా అందని."

"చెబితే నువ్వు పౌరుషానికి పోయి తీయించేసుకునేవాడివి. ఆ లోయలో ఇంకేం వస్తుంది? పిల్ల తండ్రి మొహం మర్చిపోయేది." చేతి సంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది. "మీరిద్దరూ కొట్టుకు చావండి, నాకేం. పిల్ల ఏం చేసింది?"

రాడ్నీ ఆవిడ వైపు తిరిగాడు. "సోమవారం వెళ్ళి నా నంబరు తీయించేస్తానండీ. టాన్యాకి నేనే చెబుతాను. పిల్లని తీసుకొస్తుంది."

వెర్నా తల ఎత్తి అతన్ని చూసింది. ఫోను సంగతి తెలిసినప్పుడు రాని కోపం ఇప్పుడు వచ్చింది.

"తీయించేస్తే మళ్ళీ ఇస్తారా ఆ ప్లాను?"

"ఇవ్వరండీ."

"మరి ఇన్ని క్రిస్మస్‌లు నేనొక్కదాన్నే బల్ల ముందు కూచుని తిన్నది దేనికనుకున్నావ్?"

రాడ్నీ బండి తీశాడు. ఆవిడ ఇంటి ముందు ఆపి, దిగి, తలుపు తెరిచి చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకునే దిగింది. మెట్ల దాకా వెళ్ళాక, ఇటు తిరక్కుండానే అడిగింది.

"రేపు పిల్ల ఎప్పుడు చేస్తుంది?"

"అన్నాలయ్యాకండీ."

"చిక్కుడు గింజలు ఉడకబెడతాను. నువ్వు రావాలంటే రా."

రాడ్నీ తలూపాడు. ఫోను పట్టుకుని వస్తానని చెప్పాల్సింది తను. ఆ మాట కూడా ఆవిడ చేతే అనిపించుకున్నాడు.